తుపాకీ నూనెలు, గ్రీజులు: ఏ సీసా దేనికి పనికొస్తుంది, ఏది దండగ

తుపాకుల మీద కంటే తుపాకీకి వేసే నూనె మీద జనం ఎక్కువ కొట్లాడుకుంటారు. ఒకాయన బాలిస్టాల్ తప్ప ఇంకోటి ముట్టనంటాడు, ఇంకొకాయన కారు ఇంజిన్‌లో పోసే సింథటిక్ ఆయిల్ చాలు ఇవన్నీ డబ్బు గుంజే వేషాలంటాడు, మరొకాయన చిటికెనవేలంత సీసాలో ఏదో ‘నానో’ నూనె కొనుక్కొచ్చి ఇక మసి అన్నదే పట్టదని ప్రమాణం చేస్తాడు. వీటిలో చాలావరకు నేను వాడాను. నా ఉద్దేశం ముందే చెప్పేస్తున్నా: మంచి సీఎల్‌పీ (కడగడం, జారుడు, తుప్పు కాపలా మూడూ చేసే నూనె) ఒక సీసా, మెత్తటి గ్రీజు ఒక చిన్న ట్యూబు ఉంటే నూటికి తొంభై మందికి సరిపోతుంది. తుపాకీ మొరాయించిందంటే చాలాసార్లు తప్పు నూనె రకానిది కాదు, ఎక్కడ వేశాం ఎంత వేశాం అన్నదానిది.

ఒక్క మాట చెప్పి అసలు విషయంలోకి వెళ్తా. సీసా మూత తీసేముందే మేగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసెయ్యాలి, చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి వేలితో తడిమి తేల్చుకోవాలి, తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. కిటికీ తెరవండి, చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ద్రావకాల వాసన ఒకటైతే, ఆ మసిలో సీసం కూడా ఉంటుంది.

ఇంతకీ నూనె నుంచి మనం ఆశించేవి మూడు పనులు. మసి, గుండు వదిలే రాగి మరకలు వదిలించడం ఒకటి. ఇనుము మీద ఇనుము జారేలా చూడడం రెండోది. తుప్పు పట్టకుండా కాపాడడం మూడోది. ఈ మూడూ ఒకదానికొకటి పడవు. బాగా కడిగే ద్రవం పల్చగా, చొచ్చుకుపోయేలా ఉండాలి, అది త్వరగా ఆరిపోతుంది. తుప్పును ఆపేది మందంగా అంటుకుని కదలకుండా ఉండాలి. జారుడు కోసం వేసేది ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉండాలి. మూడూ ఒకే సీసాలో ఇస్తామనే వాళ్ళు ఎక్కడో ఒకచోట రాజీపడే ఉంటారు. ఎక్కడ రాజీపడ్డారో తెలుసుకుంటే ఆ సీసాతో హాయిగా బతకొచ్చు.

సీఎల్‌పీ అంటే ఆ రాజీయే: క్లీనర్, లూబ్రికెంట్, ప్రిజర్వేటివ్. బ్రేక్-ఫ్రీ సీఎల్‌పీ వీటిలో బాగా పేరున్నది. అమెరికా సైన్యం ఈ రకం నూనెకు ఒక ప్రమాణం పెట్టుకుంది, ఇప్పుడు దాన్ని మిల్-పీఆర్ఎఫ్-63460 అంటున్నారు. సీసా మీద ఈ నంబరు ఉందంటే, మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ దాటిన చలిలో కూడా పనిచేయాలన్న షరతు పెట్టి పరీక్షించిన సరుకన్నమాట. ‘మిలిటరీ గ్రేడ్’ అని పెద్దక్షరాల్లో రాసుకుని ఏ నంబరూ వెయ్యని సీసాలు ఎన్నో ఉన్నాయి, ఆ రెండు మాటలకు విలువేమీ లేదు. కడగడంలో సీఎల్‌పీకి నేను పదికి ఆరు వేస్తా. మామూలు మసి పోతుంది గానీ, బ్యారెల్ లోపల అంటుకున్న రాగి దీనికి లొంగదు. జారుడుకు ఎనిమిది. తుప్పుకు ఏడు, అదీ నెలకోసారి తుడిచి మళ్ళీ రాసేవాళ్ళకు. అడుగున తెల్లటి పొడి పేరుకున్న రకమైతే సీసాను బాగా ఊపి వాడాలి. జారుడు కోసం కలిపిన టెఫ్లాన్ లాంటి రేణువులు అడుగునే ఉండిపోతే మీరు వేసేది పైన తేలిన ఉత్త నూనే.

బాలిస్టాల్ సంగతి వేరు. 1900ల మొదట్లో జర్మన్ సైన్యం కోసం తయారైన నూనె ఇది. లోహానికీ, కర్రకూ, తోలుకూ ఒకటే ఉండాలన్నది అప్పటి కోరిక, ఆ పని ఇప్పటికీ బాగానే చేస్తోంది. వాసన మాత్రం ఒకరికి సోంపులా అనిపిస్తుంది, ఇంకొకరు ఇంట్లోంచి బయటికి పొమ్మంటారు. దీని అసలు బలం చాలామంది పట్టించుకోనిది: నీళ్ళలో కలిస్తే పాలలా తెల్లబడుతుంది, విడిపోదు. కొంచెం క్షారగుణం కూడా ఉంది. నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) వాడేవాళ్ళకు ఇది వరమే, ఎందుకంటే ఆ మందు మసిలో లవణాలుంటాయి, లవణాన్ని కరిగించేది నీళ్ళే తప్ప నూనె కాదు. నీళ్ళు కలిపిన బాలిస్టాల్‌తో తుడిస్తే నీళ్ళు లవణాన్ని కరిగిస్తాయి, ఆ నీళ్ళు ఆరాక పల్చటి నూనె పొర మిగులుతుంది. కానీ బరువుగా రాసుకునే చోట, అంటే పిస్టల్ స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) పట్టాల మీదో, చాంబర్‌ను మూసే బోల్ట్ లగ్గుల (తాళం పళ్ళ) వెనకో, ఇది మరీ పల్చన. అక్కడ దీన్ని నమ్ముకోను.

లవణం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. పాత సైనిక నిల్వల్లోంచి వచ్చే తూటాల్లో కొన్నింటి ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూతల్లో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, దాదాపు మన వంటింటి ఉప్పు లాంటిదే. గాలిలోని తేమను లాక్కుని బ్యారెల్‌ను తినేస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన నూనె పూసినా ఉప్పు కిందే ఉంటుంది, తుప్పు కిందే మొదలవుతుంది. అమ్మోనియా చల్లితే విరుగుడవుతుందని కొందరంటారు, అదీ నిజం కాదు, ఆ ద్రావకంలో ఉన్న నీళ్ళే ఏదో కాస్త పనిచేస్తాయంతే. వేడినీళ్ళు పోసి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే నూనె. తుపాకీలో నీళ్ళు పొయ్యడమా అని ఉలిక్కిపడేవాళ్ళుంటారు. వేడినీళ్ళే ఎందుకంటే, లోహం వేడెక్కి త్వరగా ఆరిపోతుంది.

హాపీస్ నంబర్ 9. 1903 నుంచీ ఉంది, వాసనకే ప్రత్యేకంగా అభిమానులున్నారు. ఇది ద్రావకం, కందెన కాదు. ఇంత చిన్న విషయం చెప్పాలా అంటే చెప్పాలి, ఎందుకంటే అదే పేరుతో కందెన నూనె కూడా విడిగా దొరుకుతుంది, ఆ తేడా చూడకుండా ద్రావకంతో తడిపి అలాగే పెట్టెలో పెట్టేసేవాళ్ళను చూశాను. ద్రావకం పని మసి వదలగొట్టడం, ఆ పని అయ్యాక దాన్ని శుభ్రంగా తుడిచెయ్యాలి. రాగి కోసం అమ్మోనియా ఎక్కువున్న ద్రావకాలు వాడితే సీసా మీద రాసిన సమయం దాటనివ్వొద్దు. నికెల్ పూత ఉన్న తుపాకీ దగ్గరికి వాటిని రానివ్వకపోవడమే మంచిది. నికెల్ కింద రాగి పూత వేసి ఉంటే, ఎక్కడో ఒక గీత సందు చూసుకుని లోపలికి పోయి ఆ రాగిని తింటుంది, పైన నికెల్ పొరలు పొరలుగా లేస్తుంది.

ఇక అందరింట్లోనూ ఉండే డబ్ల్యూడీ-40. దీన్ని తిట్టడం ఫ్యాషనైపోయింది, నెత్తిన పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. పేరులోనే ఉంది కదా, ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’, నలభయ్యో ఫార్ములా. 1953లో శాన్ డియేగోలో పుట్టింది, అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. తేమను తరిమేయడం దాని పని, ఆ పని బాగా చేస్తుంది. వానలో తడిసిన రైఫిల్ ఇంటికి తెచ్చారా, ఇది కొట్టి నీళ్ళు బయటికి తోలండి, తుడవండి, తర్వాత అసలు నూనె రాయండి. అంతటితో దాన్ని పక్కన పెట్టెయ్యాలి. దానిలో ఎక్కువ భాగం ఆవిరయ్యే ద్రావకం, మిగిలే నూనె పొర చాలా పల్చన. నెలల తరబడి ట్రిగ్గర్ సందుల్లోకి అదే కొడుతూ పోతే మసీ దుమ్మూ కలిసి జిగురు కడుతుంది. అదే కంపెనీ స్పెషలిస్ట్ పేరుతో వేరే రకాలు అమ్ముతోంది, వాటి లెక్క వేరు. నేను చెప్పేది మామూలు నీలం-పసుపు డబ్బా గురించి.

కుట్టుమిషన్ నూనె ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. శుద్ధమైన పల్చటి మినరల్ ఆయిల్, ట్రిగ్గర్ పిన్నులకూ స్ప్రింగులకూ ఏ లోటూ లేదు, కాకపోతే తుప్పును ఆపే రసాయనాలు అందులో పెద్దగా ఉండవు కాబట్టి పైపూతకు వద్దు. సింథటిక్ ఇంజిన్ ఆయిల్ జారుడుకు నిజంగానే బాగుంటుంది, వేడికి తట్టుకుంటుంది, 0డబ్ల్యూ-20 లాంటిది చలిలో కూడా పారుతుంది. దాన్ని తిట్టేవాళ్ళకు చెప్పడానికి పెద్ద కారణం దొరకదు. కాకపోతే అది మూసిన ఇంజిన్‌లో తిరగడానికి చేసిన నూనె, చెమట చేతులు తగిలే ఇనుము మీద కాపలా కాయడం దాని మొదటి పని కాదు. ఇంజిన్‌లోంచి తీసేసిన వాడిన ఆయిల్ మాత్రం పొరపాటున కూడా వద్దు. ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి, చర్మానికి కూడా చెడు చేస్తుంది.

వంట నూనెల గురించి ఒక్క వాక్యం: గాలి తగిలి అవి ఆక్సీకరణం చెంది బంకలా గట్టిపడతాయి, దాన్ని వదిలించడం మసిని వదిలించడం కంటే కష్టం.

గ్రీజు దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే జనం ఎక్కువ తడబడేది ఇక్కడే. గ్రీజు అంటే చిక్కబడ్డ నూనె కాదు. మామూలు నూనెనే, లిథియం సబ్బో కాల్షియం సబ్బో స్పాంజిలా పీల్చుకుని పట్టుకుని ఉంటుంది, ఒత్తిడి పడ్డప్పుడు కాస్త కాస్తగా వదులుతుంది. అందుకే కారిపోదు, వానకు అంత సులువుగా కొట్టుకుపోదు. ఎంత గట్టిదో చెప్పడానికి ఎన్ఎల్‌జీఐ (అమెరికా గ్రీజు సంస్థ) నంబర్లున్నాయి, 000 నుంచి 6 దాకా. పద్ధతి సింపుల్: 25 డిగ్రీల దగ్గర ఒక శంకువును గ్రీజులోకి వదిలి ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లో పదో వంతుల్లో కొలుస్తారు. 265 నుంచి 295 దిగితే నంబర్ 2, అంటే కారు బేరింగుల్లో పెట్టే మామూలు గట్టితనం. 355 నుంచి 385 దిగితే నంబర్ 0, దాదాపు పారుతుంది. తుపాకీకి నాకు నచ్చేది 0 లేదా 1. వేడి ప్రాంతంలో, బరువైన స్లైడ్ ఉన్న పిస్టల్‌కైతే 2 కూడా నడుస్తుంది. చలిలో మాత్రం నంబర్ 2 పెట్టి స్లైడ్ బద్ధకిస్తోందని స్ప్రింగును తిట్టడం న్యాయం కాదు.

గ్రీజు ఎక్కడ పెట్టాలన్నదానికి నేను వాడే సూత్రం పాతదే: జారేచోట గ్రీజు, తిరిగేచోట నూనె. స్లైడ్ పట్టాలు, బోల్ట్ లగ్గుల వెనక భాగం, బోల్ట్-యాక్షన్ రైఫిల్‌లో కాకింగ్ క్యామ్ (ఫైరింగ్ పిన్నును వెనక్కి లాగే వాలు), మడత షాట్‌గన్ కీలు పిన్ను, వీటికి గ్రీజు. ట్రిగ్గర్ పిన్నులు, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేస్‌ను బయటికి లాగే కొక్కెం), చిన్న స్ప్రింగులు, వీటికి చుక్క నూనె. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకునే తుపాకులకు గ్రీజు తప్పనిసరే అంటాను, ఆ లోహం తనలో తాను పట్టేసి గీరుకుపోయే రకం. షాట్‌గన్ మూతికి బిగించే చోక్ గొట్టం మరల మీద కూడా కాస్త రాయండి, లేకపోతే సీజన్ అయ్యాక దాన్ని విప్పడానికి పహిల్వాన్ని పిలవాలి.

సైన్యాలు ఈ పాఠం వానలో నేర్చుకున్నాయి. 1936లో అమెరికా సైన్యంలో చేరిన ఎం1 గరాండ్ రైఫిల్‌కు నూనె మాత్రమే వేస్తే జోరువానలో అది కొట్టుకుపోయి బోల్ట్ పట్టేసేది. దాంతో సైనికుడికి చిన్న గ్రీజు డబ్బీ ఇచ్చారు, రైఫిల్ స్టాక్‌లో (భుజానికి ఆనించే కర్ర భాగంలో) ఉన్న బొరియలో పెట్టుకునేవాడు. లూబ్రిప్లేట్ 130-ఏ అనే గ్రీజు పేరు గరాండ్ అభిమానుల నోట ఇప్పటికీ వినిపించేది అందుకే. కాల్షియం రకం, నీళ్ళకు బాగా తట్టుకుంటుంది, లేత రంగులో ఉంటుంది కాబట్టి ఎంత మురికి పట్టిందో కంటికి తెలుస్తుంది. గ్రీజుల్లో నా ఓటు దీనికే. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్ల గ్రీజు లగ్గుల దగ్గర ఇంకా గట్టిగా పనిచేస్తుంది, కాదనను, కానీ చొక్కాకు అంటితే ఆ చొక్కా మీద ఆశ వదులుకోవాల్సిందే. పైగా అసలే నల్లగా ఉన్నదాంట్లో మసి ఎంతో తెలియదు. కొత్త గ్లాక్ పిస్టల్ స్లైడ్ లోపల రాగిరంగులో ఉండేది కూడా కందెనే, మురికనుకుని తుడిచెయ్యకండి, కొత్తలో ఉండనివ్వమని కంపెనీయే చెబుతుంది.

ఇప్పుడు వెయ్యకూడని చోట్లు. నిజానికి ఏ నూనె మంచిదన్నదానికంటే ఇది ముఖ్యం. ఫైరింగ్ పిన్ను దారి పొడిగా ఉండాలి. అక్కడ నూనె వేస్తే మసి కలిసి ముద్దవుతుంది, చలిలో చిక్కబడుతుంది, పిన్ను నెమ్మదిగా కదిలి ప్రైమర్‌ను గట్టిగా కొట్టలేదు, మీరేమో తూటాలు చెడ్డవనుకుంటారు. మేగజైన్ లోపల పొడిగా ఉండాలి, అక్కడి నూనె దుమ్మును పట్టడమే కాకుండా తూటాలకు అంటుతుంది, చొచ్చుకుపోయే రకం నూనె ప్రైమర్‌లోకి దిగితే అది పేలకపోవచ్చు. చాంబర్‌లో నూనె ఉంటే ఇంకో చిక్కు: పేలినప్పుడు ఇత్తడి కేస్ ఉబ్బి చాంబర్ గోడను పట్టుకోవాలి, జారుడుగా ఉంటే ఆ పట్టు తగ్గి వెనక్కి తన్నే బలమంతా బోల్ట్ మీద పడుతుంది. బ్యారెల్ లోపల నిల్వ కోసం రాసిన నూనెను కాల్చేముందు పొడి గుడ్డతో తీసెయ్యాలి. పల్చటి పొర మిగిలితే మొదటి గుండు వేరేచోట పడుతుంది, ముద్దగా మిగిలితే అది అడ్డంకే, ప్రమాదం. గ్యాస్ పిస్టన్‌తో నడిచే తుపాకుల్లో పిస్టన్ మీద నూనె వేస్తే అక్కడి వేడికి మాడి గట్టి మసిగా మారుతుంది, పొడిగా వదిలేయండి. ఏఆర్-15 రకం బోల్ట్ క్యారియర్ దీనికి పూర్తి వ్యతిరేకం, అది తడిగా ఉంటేనే సంతోషంగా నడుస్తుంది.

దుమ్ములో నూనె వెయ్యాలా వద్దా అన్నది తెగని పంచాయతీ. నూనె దుమ్మును పట్టుకుంటుంది నిజమే, కానీ పూర్తిగా ఎండబెట్టిన తుపాకీ అంతకంటే ముందే ఆగిపోతుంది. 2003 మార్చిలో ఇరాక్‌లోని నాసిరియా దగ్గర అమెరికా సైన్యపు 507వ మెయింటెనెన్స్ కంపెనీ మీద దాడి జరిగినప్పుడు ఆయుధాలు మొరాయించాయి, ఎడారి వాతావరణంలో సరైన నిర్వహణ లేకపోవడం కారణం కావచ్చని సైన్యం నివేదికే రాసింది. నేను చేసేది ఇది: బయటికి కనబడే చోట పొడిగా తుడవడం, లోపల రాసుకునే చోట నూనె ఉంచడం, అవకాశం దొరికినప్పుడల్లా పాతది తుడిచి కొత్తది వెయ్యడం. దుమ్ము కలిసిన గ్రీజు సానరాయి ముద్దలా లోహాన్ని అరగదీస్తుంది కాబట్టి దుమ్ములో గ్రీజు తగ్గించి నూనె వైపు మొగ్గుతా.

చలి నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన తుపాకీ మీద తేమ పడుతుంది, అది బయటకే కాదు లోపలి భాగాల మీద కూడా. వెంటనే పెట్టెలో పెట్టి మూసేస్తే ఎంత మంచి నూనె రాసినా మర్నాటికి ఎర్రటి చుక్కలు ఖాయం. గది వేడికి రానిచ్చి, తుడిచి, అప్పుడు రాయండి.

నెలలు దాటి నిల్వ పెట్టేవాటికి సీఎల్‌పీ చాలదు, మెల్లగా కిందికి కారిపోతుంది. దీర్ఘకాలం అంటే మైనం లాంటి కాస్మోలిన్ ఉంది, కానీ దాన్ని వదిలించడానికి వేడీ, ద్రావకమూ, ఒక పూర్తి ఆదివారమూ కావాలి. గోడకు తగిలించే పాత తుపాకీకైతే బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పుట్టిన రెనైసాన్స్ వ్యాక్స్ చాలా బాగుంటుంది: పల్చగా రుద్ది మెరుగుపెడితే వేలిముద్రలు పడవు, కర్రకు కూడా హాని లేదు. జారుడుకు మాత్రం అది పనికిరాదు. ఏది రాసినా తోలు తొడుగులో నిల్వ ఉంచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

కర్ర స్టాక్ ఉన్నవాళ్ళకు ఇంకొకటి. పెట్రోలియం నూనె ఏళ్ళ తరబడి బోల్ట్, ట్రిగ్గర్ ఉండే లోహభాగం నుంచి స్టాక్ మెడలోకి దిగితే కర్ర నల్లబడి మెత్తబడి చివరికి పగులుతుంది. నూనె వేశాక కొన్ని గంటలు గొట్టం కిందికి ఉండేలా నిలబెడితే అదనపు నూనె కర్రలోకి కాకుండా కిందికి పోతుంది. స్టాక్‌కు అవిసె నూనె రాసేవాళ్ళు ఆ గుడ్డల్ని ముద్దగా చుట్టి పడెయ్యొద్దు, ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టండి.

ఎయిర్ రైఫిల్ వాళ్ళకు పైన చెప్పిందంతా వర్తించదు. స్ప్రింగ్ రకంలో గాలి నొక్కే గదిలోకి పెట్రోలియం నూనె పోతే ఒత్తిడి వేడికి అది డీజిల్ ఇంజిన్‌లో లాగే అంటుకుంటుంది, సీలు కాలిపోతుంది. అక్కడ సిలికాన్ నూనె ఒక్కటే, అదీ చాలా తక్కువ. అదే సిలికాన్‌ను స్ప్రింగు మీదో ట్రిగ్గర్ మీదో వేస్తే ఇనుము మీద ఇనుముకు సరిగా పనిచెయ్యదు. గాలి నింపుకునే పీసీపీ రకంలో ఎక్కువ ఒత్తిడి గాలి తగిలే ఏ భాగానికీ పెట్రోలియం గ్రీజు పెట్టొద్దు, కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజే పెట్టండి.

ఎంత వెయ్యాలి అంటే, వేలితో రాస్తే మెరవాలి, కానీ తుపాకీని ఒంచితే కారకూడదు. గ్రీజైతే పట్టా రంగు కింద కనబడేంత పల్చన. రెండుసార్లు స్లైడ్ లాగినప్పుడు అంచుల దగ్గర ముద్ద బయటికొచ్చిందంటే ఎక్కువైంది, తుడిచెయ్యండి. స్ప్రే డబ్బాలతో ఈ కొలత కుదరదు, నాకు వాటి మీద ఉన్న అసలు కోపం అదే: ఒక్క నొక్కుకు సగం తుపాకీ తడుస్తుంది, ఫైరింగ్ పిన్ను దారితో సహా. అదే నూనె సూది మూతి ఉన్న చిన్న సీసాలో దొరికితే అదే కొనండి, లేకపోతే ఖాళీ సూది సీసా కొని అందులో పోసుకోండి. మీద పేరు మాత్రం రాయండి, ద్రావకమూ నూనె రెండూ ఒకే రంగులో ఉండొచ్చు.